సమాధానం: స్పెసిఫికేషన్ రాయడానికి ఎక్స్‌పర్ట్ సిస్టమ్ పనికొస్తుందా?

హైదరాబాద్ బిల్డింగ్ స్పెసిఫికేషన్‌ని (ఏ పని ఏ నాణ్యతతో చేయాలో చెప్పే పత్రం) కాపీ చేసి విశాఖ తీరంలో పంప్ హౌస్‌కి వాడితే, కాంక్రీట్ గ్రేడ్ (బలాన్ని చెప్పే అంకె) ఎం25 అలాగే ఉండిపోయిందని, ఇలాంటివి ఎక్స్‌పర్ట్ సిస్టమ్ పట్టుకోగలదా అని అడిగారు కదండీ. దీనికి చాట్‌బాట్ కంటే పాతకాలపు రూల్స్ సిస్టమే నయం, అంటే నిపుణుల నియమాల్ని 'ఇలా ఉంటే అలా చెయ్యి' అని రాసిపెడితే వాటి ప్రకారం నడిచే ఎక్స్‌పర్ట్ సిస్టమ్. నాసా వాళ్లు 1985లో మొదలుపెట్టిన క్లిప్స్ (CLIPS) అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఈ పనికి చాలు.

మొత్తం డాక్యుమెంట్ జోలికి పోకండి, కాంక్రీట్ భాగం ఒక్కటే పట్టుకోండి. సిస్టమ్ ముందు గ్రేడ్ అడగకూడదు, పరిస్థితి అడగాలి: సముద్రపు నీటి తుంపర తగులుతుందా? తగిలితే కాంక్రీట్‌కి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం అది 'వెరీ సివియర్' పరిస్థితి. అంటే ఆర్‌సీసీకి (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీట్) కనీసం ఎం35, క్యూబిక్ మీటరుకు కనీసం 340 కిలోల సిమెంట్, నీరు-సిమెంట్ నిష్పత్తి 0.45 లోపు, కవర్ (చువ్వల మీద ఉండే కాంక్రీట్ మందం) 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్ల మధ్య ఉండే భాగమైతే 'ఎక్స్‌ట్రీమ్', ఎం40. ఈ అంకెలన్నీ ఒకేసారి మారాలి. చేత్తో దిద్దేటప్పుడు గ్రేడ్ మార్చి కవర్ వదిలేస్తుంటారు, అసలు తంటా అక్కడే.

ప్రతి రూల్ పక్కన క్లాజ్ నంబర్, కోడ్ ఏడాది పెట్టండి. 'ఎందుకు?' అని నొక్కితే అదే చూపించాలి. లేదంటే సీనియర్లు దాన్ని ముట్టుకోరు.

ఎం20 దాటిన చోట నామినల్ మిక్స్ (పరీక్షించి డిజైన్ చేయకుండా 1:2:4 లాంటి స్థిర పాళ్లలో సిమెంట్, ఇసుక, కంకర కలపడం) కనిపిస్తే ఆపేసే రూల్ కూడా రాయండి. ఒక పేజీలో ఎం35, ఇంకో పేజీలో 1:2:4 ఉండే టెండర్లు బోలెడు.

ఏ రూలూ వర్తించని చోట అంచనాతో నింపనివ్వకండి. ఖాళీ వదిలి, నింపే ఇంజనీరు పేరు అడిగేలా పెట్టండి.