టెన్త్ కెమిస్ట్రీ మర్చిపోతే అంతా మళ్లీ చదవాలా? మోల్ దగ్గర మొదలుపెట్టండి

ఇంటర్ ఫస్టియర్‌లో చేరి మూడు నెలలైంది, టెన్త్ కెమిస్ట్రీ సగం గుర్తులేదు, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలా అని అడిగారు. అక్కర్లేదు. ముందు మోల్ పట్టుకోండి.

నేను సర్కారు బడిలో తెలుగు మీడియంలో టెన్త్ చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీలో ఎంపీసీలో చేరాను. మొదటి యూనిట్ టెస్టులో కెమిస్ట్రీకి ఇరవైకి మూడు మార్కులు. సూత్రాలన్నీ కంఠతా వచ్చు, కానీ లెక్క ఇస్తే ఏ సూత్రంలో ఏ అంకె వేయాలో తెలిసేది కాదు, టెన్షన్‌తో చేతులు వణికేవి. మా పక్క వాటాలో బీఎస్సీ చదివే అక్క ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పింది: డజను అంటే పన్నెండు కదా, మోల్ కూడా అణువుల్లాంటి చిన్న కణాలకి అలాంటి లెక్కే, సంఖ్యే పెద్దది, 6.022 × 10²³. డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు, లెక్క ఒకటే, బరువే వేరు. అలాగే ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు, ఒక మోల్ ఉప్పు 58.5 గ్రాములు. ఆ రోజు నుంచి గ్రాములు కనిపిస్తే ముందు మోల్స్‌లోకి మార్చడం అలవాటైంది.

చాలామంది ఆగిపోయేది లిమిటింగ్ రీఏజెంట్, అంటే చర్యలో ముందు అయిపోయే పదార్థం దగ్గర. ఇరానీ హోటల్లో ఒక చాయ్‌కి రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇస్తారనుకోండి. పది చాయ్‌లు, పద్నాలుగు బిస్కెట్లు ఉంటే ఏడుగురికే సరిపోతాయి, మూడు చాయ్‌లు మిగులుతాయి. బిస్కెట్లు సంఖ్యలో ఎక్కువే అయినా ముందు అయిపోయేవి అవే. ఇప్పుడు 10 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు అవ్వాలి. గ్రాములు చూస్తే హైడ్రోజనే తక్కువ, కానీ అది 5 మోల్స్, ఆక్సిజన్ 1 మోలే. సమీకరణం (2H₂ + O₂ → 2H₂O) ప్రకారం ఒక మోల్ ఆక్సిజన్‌కి రెండు మోల్స్ హైడ్రోజన్ చాలు, అంటే 4 గ్రాములు. కాబట్టి 36 గ్రాముల నీరు వస్తుంది, 6 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది. ఈ ఒక్క లెక్కని పుస్తకం మూసి మీ అంతట మీరు చేయగలిగితే ఆ చాప్టర్ మీద భయం చాలావరకు పోతుంది.

సమీకరణం తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేసేటప్పుడు, ఫార్ములా ముందు అంకె మాత్రమే మార్చాలి, కింద ఉన్న చిన్న అంకెని ముట్టుకోకూడదు. నీటిలో ఆక్సిజన్ కింద 2 పెట్టేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్, వేరే పదార్థమే. ఈ తప్పు నేను టెన్త్‌లో ఏడాదంతా చేశాను, ఎవరూ ఎందుకని చెప్పలేదు, ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు అంతే.

వేలెన్సీకి (ఒక పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇస్తుందో, తీసుకుంటుందో, పంచుకుంటుందో చెప్పే సంఖ్య) మొదటి ఇరవై మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో వస్తే చాలు. సోడియం 2, 8, 1, క్లోరిన్ 2, 8, 7, సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ ఒకటి తీసుకుంటుంది. మెగ్నీషియం 2, 8, 2 కాబట్టి దానికి రెండు క్లోరిన్‌లు కావాలి. బట్టీ అవసరం లేదు.

ఇప్పుడు మా అక్క కొడుక్కి నేను చెప్పేటప్పుడు చదవమని చెప్పను, తెల్ల కాగితం ఇస్తాను. 25 గ్రాముల సున్నపురాయిని కాల్చితే ఎంత పొడిసున్నం, ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తాయో చేయమంటాను. 14, 11 వచ్చి, రెండూ కలిపితే మళ్లీ 25 అయ్యాయని వాడే చూసుకుని ఆనందపడతాడు. తప్పు చేసిన లెక్కలు వేరే నోట్స్‌లో రాయించి మూడు రోజులాగి మళ్లీ చేయిస్తాను. మీరు కూడా రోజుకు నాలుగైదు లెక్కలు ఇలా చేయండి, గంట చాలు.

పాత పుస్తకాలు పారేసి ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, తొమ్మిది, పది తరగతుల ఫిజికల్ సైన్స్ రెండూ తీసుకోండి. ఈ 25 గ్రాముల లెక్క చేసి ఎక్కడ ఆగారో కింద రాస్తే, అక్కడి నుంచి చెప్తాను.