పాపను వెంట తీసుకెళ్లాలా, ఊళ్లోనే ఉంచాలా?

ప్రశ్న: అక్కా, మాది నారాయణపేట జిల్లా. ఎకరన్నర చెలక ఉంది. బోరు ఎండిపోయింది, దానికి చేసిన అప్పు మాత్రం మిగిలింది. దీపావళి దాటగానే నేను, మా ఆయన హైదరాబాదుకు సెంట్రింగ్ పనికి వెళ్తున్నాం. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకున్నాం. మూడో తరగతి చదివే పాపను మా అత్తమ్మ దగ్గర వదలాలా, వెంట తీసుకెళ్లాలా? అత్తమ్మకు చూపు సరిగా ఆనదు. రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మూడో తరగతిలోనే మా నాన్న నన్ను బొంబాయి బస్సెక్కించాడు. అమ్మ తట్టలు మోస్తుంటే రేకుల షెడ్డులో తమ్ముడికి చీర ఉయ్యాల ఊపడం నా పని. వెంట తెచ్చుకున్న పలకను అమ్మ అన్నం గిన్నె మీద మూతగా పెట్టేది. వానలకు ఊరికొచ్చేసరికి బడి రిజిస్టర్‌లో నా పేరు కొట్టేశారు. పదకొండేళ్లప్పుడు మళ్లీ మూడో తరగతిలో, చిన్నపిల్లల మధ్య కూర్చున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అయినా పాపను తీసుకెళ్లమనే చెబుతాను. చూపు ఆనని ముసలావిడకు ఎనిమిదేళ్ల పిల్లను అప్పగిస్తే, ఎవరు ఎవరిని చూసుకోవాలి? కాకపోతే బయల్దేరే ముందే మేస్త్రిని గట్టిగా అడుగు: సైట్ ఎక్కడ, అక్కడ ఎన్ని నెలల పని, నడిచి వెళ్లేంత దూరంలో సర్కారు బడి ఉందా? రెండు నెలలకో సైట్ మారుస్తానంటే ఆ గుంపుతో వెళ్లకండి. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేసైనా ఇంకో మేస్త్రిని చూసుకోండి.

ఏడాది మధ్యలో చేర్చుకోం, టీసీ లేదు అని బడిలో అంటే వెనక్కి రావద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఆ కారణాలతో తిప్పి పంపకూడదు. గురుకులంలో ఐదో తరగతికి, కస్తూర్బా విద్యాలయంలో ఆరో తరగతికి చేర్చుకుంటారు. అక్కడే ఉండి చదువుకునే ఆ రెండు బడుల ఆశ అప్పటిదాకా లేదు. ఈ రెండేళ్లు పాప బడి తెగకుండా చూసుకోవాల్సింది మీరిద్దరే.

రేషన్‌కు భయం లేదు, మీ తెలంగాణ కార్డు మీద హైదరాబాదు రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. తొంభై రోజుల పని పూర్తయ్యాక ఇద్దరూ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేర్లు రాయించుకోండి. అంతవరకు ఏ రోజు ఎవరి దగ్గర పని చేశారో, అడ్వాన్స్‌లో ఎంత తెగిందో ఓ నోటు పుస్తకంలో రాసుకో. నీకు రాయడం కష్టమైతే పాప రాస్తుంది.

రేపే బడికెళ్లి టీసీ అడుగు. పాప పుస్తకాలు బియ్యం మూటలో కుక్కకుండా, విడిగా ఓ సంచిలో పెట్టి దాని భుజానికే తగిలించు.