మారిషస్‌లో ఇల్లు తీసుకునే ముందు కొండ ఎటుందో చూడు

తమ్ముడూ, రాజోలు నుంచి ఇద్దరూ మారిషస్ వస్తున్నారు, సంతోషం. కానీ "చిన్న దీవే కదా, ఎక్కడున్నా ఒకటే" అన్నావు చూడు, డబ్బు పోయేది అక్కడే. నేనూ అమలాపురం నుంచి అదే ధీమాతో దిగాను. మనకి ఎత్తంటే ఏటిగట్టే. అమలాపురంలో ముసురు పడితే అంబాజీపేటలోనూ పడుతుంది.

ఇది అగ్నిపర్వతం లేపిన నేల. నడుమ పీఠభూమి, చుట్టూ పాత కొండలు. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి ఆ ఎత్తుకి తగిలి అక్కడే కురిసేస్తుంది. మధ్యలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన, పడమటి తీరంలో 900. రెండిటి మధ్యా కారులో గంట ప్రయాణం. రాజధాని పోర్ట్ లూయిస్ కొండల చాటున ఉంది కాబట్టి ఉక్కపోత.

నేను అద్దె తక్కువని, చల్లగా ఉంటుందని ఆ పీఠభూమి మీదున్న క్యూర్‌పిప్ ఊళ్లో దిగాను. 550 మీటర్ల ఎత్తు, ఊళ్లోనే చల్లారిన అగ్నిపర్వత బిలం, నిండా చెట్లు. ఫొటోలకి బ్రహ్మాండం. జూలై అంటే ఇక్కడ చలికాలం. నెల తిరగకుండా తోలు చెప్పులకి పచ్చటి బూజు, మా ఆవిడ పట్టుచీర మడతల్లో తెల్ల మచ్చలు. అప్పడం వేయిస్తే పొంగదు. తేమ లాగే మిషన్ కొన్నాం. అద్దెలో మిగిలిందంతా కరెంటు బిల్లుకే పోయింది. ఇక్కడిదీ రూపాయే గానీ మనదానికంటే విలువెక్కువ. జీతం మార్చి చూసుకుని మురిసిపోతావు, బిల్లు కూడా అలాగే మార్చి చూడు!

పెరట్లో మునగకొమ్మ పాతుదామని గునపం వేస్తే ఖంగుమంది. నేలంతా గడ్డకట్టిన లావా. చెరకు తోటల్లో రాళ్లు గుట్టలుగా పోసి ఉంటాయి. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి కూలికొచ్చిన మనవాళ్లు కూడా ఏరిన రాళ్లవి. ఒంటరితనం గురించి అడిగావు. గుళ్లున్నాయి, ఉగాదికి సెలవుంది, అదేం పెద్ద బెంగ కాదు. తుపాన్ల గురించి కోనసీమ వాడికి నేను చెప్పాలా? హెచ్చరికల్లో నాలుగు తరగతులుంటాయి, వీసా కాగితాలతో పాటు అవీ ప్రభుత్వ సైట్‌లో చూసుకో.

ఆఫీసు ఎబెన్‌లో అన్నావు కాబట్టి పక్కనున్న కాత్ర్ బోర్న్ ఊరి వైపు చూడు, ఎత్తు మధ్యరకం, మెట్రో ఉంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు వాన పడే రోజు వెళ్లి, బీరువా జరిపించి వెనక గోడ తడిమి చూడు. ఆ ఒక్క గోడకే కొత్త రంగుంటే అద్దె తగ్గించమను, తగ్గించకపోతే వచ్చెయ్.