వెల్లకిలా తేలే చేపకు ముందు మందు కాదు, నీళ్ల పరీక్ష

ప్రశ్న: డాక్టర్ గారూ, మా గోల్డ్‌ఫిష్ గుండ్రటి ఒంటి రకం. నాలుగు రోజులుగా పొట్ట పైకి పెట్టి వెల్లకిలా తేలుతోంది. కష్టపడి కిందికి దిగినా వెంటనే పైకి వచ్చేస్తోంది. మేత మాత్రం తింటోంది. స్విమ్ బ్లాడర్ జబ్బు అని తెలిసినవాళ్లు చెప్పారు. ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ ఒకటి విప్పి ట్యాంకులో కలిపాను. రెండు రోజులైనా తేడా లేదు. ఇంకోటి వేయమంటారా? బఠాణీ పెడితే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇంకోటి వేయకండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది చేప తేలడం కన్నా ఆ క్యాప్సూలే.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే టెట్రాసైక్లిన్ వాటితో కలిసిపోతుంది. చేప ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే మందు పనిచేస్తోందని అనుకుంటారు, అది రంగు మాత్రమే. మరోవైపు ఫిల్టర్‌లో అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియాను మందు దెబ్బతీయవచ్చు. అప్పుడు చేప వదిలిన అమ్మోనియా ట్యాంకులోనే పేరుకుంటుంది. తేలుతూ అవస్థపడే చేపకు మొప్పలు కూడా మండితే ఎలా తట్టుకుంటుంది? పైగా ఆ చేపకు ఇన్ఫెక్షన్ ఉందని ఎవరూ తేల్చలేదు. అవసరం లేని చోట అరకొరగా వాడిన యాంటీబయాటిక్ వల్ల మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. మనిషికి రాసిన మందు, అందులోనూ మిగిలిపోయిన మందు, ట్యాంకులో వేయడం దయచేసి మానేయండమ్మా. ప్రేమతోనే చేశారని తెలుసు, కానీ ఇలా మందులు పడ్డాక నా దగ్గరికి వచ్చే చేపల్లో అసలు జబ్బేదో, మందు చేసిందేదో విడదీయడం కష్టమవుతుంది.

ఈ రోజే టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, అది విరిగితే వచ్చే నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. ఏది కనిపించినా పావు వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్లు మార్చి, రోజూ మళ్లీ పరీక్షించండి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టి, ట్యాంకు నీళ్ల వేడికి సరిపడేలా చూసి పోయండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మిగిలిన మందు చాలావరకు పోతుంది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి.

ఇక తేలడం సంగతి. స్విమ్ బ్లాడర్ అంటే చేప నీళ్లలో తేలడానికి సాయపడే గాలితిత్తి. అది పాడవడం ఒకే జబ్బు కాదు, చాలా జబ్బుల్లో కనిపించే లక్షణం. గోల్డ్‌ఫిష్‌కు ఆ తిత్తి నుంచి అన్నవాహికకు సన్నటి గొట్టం ఉంటుంది. గుండ్రటి రకాల్లో పొట్టి ఒంట్లో పేగులు, తిత్తి అన్నీ ఇరుక్కుని ఉంటాయి. మేత ఎక్కువై పొట్ట బిగిసినా, పైన తేలే మేతతో పాటు గాలి మింగినా బ్యాలెన్స్ తప్పవచ్చు. నీళ్లు చల్లబడితే అరుగుదల కూడా మందగిస్తుంది. మీ చేప తింటోంది కాబట్టి ఇలాంటి కారణం ఉండే అవకాశం ఉంది. అయితే చేపను చూడకుండా అది ఖాయమని చెప్పలేను.

రెండు మూడు రోజులు మేత ఆపండి. పెద్ద గోల్డ్‌ఫిష్‌కు ఆ పస్తుతో ప్రమాదం ఉండదు. తర్వాత మునిగే మేత, నానబెట్టి, కొద్దికొద్దిగా వేయండి. బఠాణీ ఉడికించి, తొక్క తీసి, చిన్న ముక్క పెట్టవచ్చు. మలబద్ధకమే కారణమైతే ఉపయోగపడుతుంది, ఇంకే కారణమైనా పనిచేయదు. ఇది చదివి బెట్టా చేపకు మాత్రం పెట్టకండి, అది మాంసాహారి. మలబద్ధకానికి కొందరు వాడే ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) మోతాదు ట్యాంకు ఎన్ని లీటర్లో తెలియకుండా చెప్పలేను. మీరు అది రాయలేదు.

పొలుసులు లేచి నిలబడినా, పొట్ట ఒక పక్కకే ఉబ్బినా, మేత ముట్టకపోయినా, నీటి పైకి తేలిన చోట చర్మం ఎర్రబడి పుండు పడినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. లోపల నీరు చేరడం, కణితి, కిడ్నీ వాపు, ఇన్ఫెక్షన్ ఏవైనా ఉండవచ్చు. చేపలు చూసే పశువైద్యులు ఎక్స్‌రే తీస్తే తిత్తి ఉబ్బిందా, పక్కకు జరిగిందా తెలుస్తుంది. సూదితో గాలి తీయడం వాళ్ల పని. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. కొన్ని చేపలకు ఈ తేడా పూర్తిగా పోదు. అయినా నీళ్లు శుభ్రంగా ఉంచి, మేత నోటి దగ్గరికి అందిస్తే చాలా కాలం బతికేవి ఉన్నాయి. కాబట్టి ఆశ వదులుకోకండి.

మీ చేతికి గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా ట్యాంకులో చేయి పెట్టొద్దు, కొన్ని చేపల క్రిములు మన చర్మానికీ అంటుకుంటాయి.

మేత ఆపిన మూడు రోజులకూ తేలుతూనే ఉంటే డాక్టర్‌కు చూపించండి. చేపతో పాటు వేరే సీసాలో ట్యాంకు నీళ్లు, అది ఈదుతున్న వీడియో తీసుకెళ్లండి. క్యాప్సూల్ వేసిన సంగతి దాచకుండా ముందే చెప్పండి.