వెబ్ సర్వీస్ క్లయింట్ రాస్తున్నారా, ముందు టైమౌట్ పెట్టండి

జావా వెబ్ అప్లికేషన్ నుంచి బయటి సోప్ సర్వీస్‌ని (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో మాట్లాడే వెబ్ సర్వీస్) పిలవాలి, దాన్ని పిలిచే క్లయింట్ కోడ్ డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీస్‌ని ఎలా పిలవాలో చెప్పే ఫైలు) నుంచి జనరేట్ చేయించాలా, చేత్తో రాసుకోవాలా అని ఒకరు అడిగారు. జనరేట్ చేయించండి. డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ అనే టూల్ ఒక్క కమాండ్‌తో క్లాసులన్నీ ఇచ్చేస్తుంది. 2018లో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 11 నుంచి దాన్ని తీసేశారు కాబట్టి మావెన్‌లో (లైబ్రరీలు తెచ్చిపెట్టే బిల్డ్ టూల్) విడిగా పెట్టుకోవాలి. అసలు పని ఆ తర్వాతే ఉంది: టైమౌట్ పెట్టడం, అంటే జవాబు కోసం ఎంతసేపు చూసి వదిలేయాలో చెప్పడం.

శ్రీకాకుళంలో మా బాబాయి ట్రావెల్స్‌కి టికెట్ల సైటు నేనే రాశాను. సీటు ఖాళీ ఉందో లేదో వేరే కంపెనీ సర్వీస్‌ని అడగాలి. ఏడాది బాగానే నడిచింది. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు రాత్రి, హైదరాబాద్ నుంచి ఊరొచ్చేవాళ్లంతా ఒక్కసారే సైటు మీద పడ్డారు. తొమ్మిదిన్నరకి బిగుసుకుపోయింది. హోమ్ పేజీ కూడా రావడం లేదు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆఫీసు నుంచి బాబాయి ఫోను: "ఒరేయ్, మనోళ్లు పండక్కి రాలేరేట్రా?" నాకు చెమటలు పట్టేశాయి.

చూస్తే సీపీయూ ఖాళీగా ఉంది. సైటు నడిపే సర్వర్ టామ్‌క్యాట్‌ని రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు నడిచి మళ్లీ అంతే. చివరికి జేస్టాక్ అనే జావా టూల్‌తో థ్రెడ్ డంప్ తీశాను, అంటే రిక్వెస్టులు చూసుకునే ఒక్కో థ్రెడ్ ఆ క్షణాన ఎక్కడ ఆగిందో చూపే జాబితా. ఏ థ్రెడ్ చూసినా పైన ఒకటే లైను, సాకెట్‌రీడ్0, అంటే అవతలి జవాబు కోసం ఎదురుచూపు. లెక్కపెడితే 200. టామ్‌క్యాట్ డీఫాల్ట్‌గా ఇచ్చేవే 200. అవతలివాళ్లు కనెక్షన్ తీసుకుంటున్నారు, జవాబు మాత్రం ఇవ్వడం లేదు. నేను టైమౌట్ పెట్టలేదు. పెట్టకపోతే అది ఎంతసేపైనా అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

రిక్వెస్ట్ కాంటెక్స్ట్‌లో (క్లయింట్ కాల్ సెట్టింగులు ఉండే చోట) రెండు లైన్లు చేర్చాను. కనెక్షన్‌కి 3000 మిల్లీసెకన్లు, జవాబుకి 8000. సీట్ల వివరం రాకపోతే ఆఫీసు ఫోన్ నంబరు చూపించేలా మార్చాను. పన్నెండింటికి సైటు లేచింది.

నేను కోర్సు చేసిన చోట క్లయింట్ అంటే ఎక్లిప్స్ ఎడిటర్‌లో నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నేర్పారు. సర్వీసూ క్లయింటూ ఒకే కంప్యూటర్లో. లోకల్‌హోస్ట్ ఎప్పుడైనా ఆలస్యం చేస్తుందా? మన జిల్లాల పిల్లలు అప్పు చేసి అమీర్‌పేట వెళ్లి నేర్చుకుంటున్నారు. వాళ్లకి నెమ్మదిగా జవాబిచ్చే సర్వర్‌ని ఒక్క గంటైనా చూపించకపోవడం అన్యాయం.

ఇంకొకటి, ఆ టైమౌట్ ప్రాపర్టీ పేరు లైబ్రరీని బట్టి మారుతుంది. తప్పు పేరు రాస్తే ఎర్రర్ రాదు, పనీ చేయదు. అందుకే లైవ్‌కి వెళ్లేముందు ఒక నిమిషం నిద్రపోయే సర్వ్‌లెట్ (సర్వర్‌లో నడిచే చిన్న జావా ప్రోగ్రామ్) రాసి, మీ క్లయింట్‌ని దాని మీదకి తిప్పండి. ఎనిమిది సెకన్లకి ఎక్సెప్షన్ వచ్చిందంటే పేరు సరిగ్గా పడినట్టే.