అమ్మ గాజులు పెట్టి కెన్యా వెళ్లొద్దు

ప్రశ్న: మాది చిత్తూరు, నాకు 27 ఏళ్లు. తిరుపతి ఎస్.వి. వ్యవసాయ కళాశాలలో చదివాను, నాలుగేళ్లుగా డ్రిప్ కంపెనీలో పని. కెన్యా కరువు పల్లెల్లో ఆరు నెలలు వాలంటీరుగా పని చేయాలనుంది. పంపించే ఏజెన్సీ 2.8 లక్షలు కట్టమంటోంది. చీటీ కాక చేతిలో 3.6 లక్షలున్నాయి. నెలనెలా చదువు లోన్ కిస్తీ 8,500, చీటీకి 5,000, ఇంటికి 10,000 పోతాయి. తక్కువ పడేదానికి అమ్మ గాజుల మీద గోల్డ్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వెళ్లండమ్మా, కానీ గాజులు మాత్రం బీరువాలోంచి తీయకండి.

మీరు అనుకున్న పని చిన్నది కాదు. 2020 చివరి నుంచి 2022 దాకా ఆ వైపు వరసగా ఐదు వానాకాలాలు మొహం చాటేశాయి. మాచకోస్, కిటుయి లాంటి మెట్ట ప్రాంతాల్లో వాన పడితేనే పారే వాగుకు అడ్డంగా కాంక్రీటు గోడ కడతారు, దాని వెనక ఇసుక మేట వేస్తుంది, ఆ ఇసుక కడుపులో నీళ్లు ఎండకు ఆవిరైపోకుండా నెలల తరబడి నిలుస్తాయి. స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లను చెంబుతో ముంచి బిందె నింపుకున్న మనవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అందుకే మీలాంటి వాళ్లు అక్కడ నిజంగా పనికొస్తారని నా నమ్మకం.

ఇక లెక్క. అందరూ ఫీజు, టికెట్టు చూస్తారు, నేను తిరిగొచ్చాక మూడు నెలలు కూడా చూస్తాను, ఎందుకంటే విమానం దిగిన మర్నాడే ఉద్యోగం దొరకదు. మొత్తం తొమ్మిది నెలలు, నెలకు 23,500 చొప్పున 2,11,500. ఫీజు కలిపితే 4,91,500. అంటే 1,31,500 తక్కువ, అదీ జీతం లేని రోజుల్లో వడ్డీకి. గడువు దాటితే వేలం నోటీసు అమ్మ చేతికొస్తుంది, మీరేమో ఎక్కడో ఉంటారు.

అదే ఫీజు లేకపోతే? చేతిలో 1,48,500 మిగులుతుంది.

కాబట్టి ఏజెన్సీని ఆ 2.8 లక్షల్లో బసకెంత, తిండికెంత, ఆ పల్లెకు చేరేదెంత అని రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి. ఈలోగా ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం యు.ఎన్.వి.కి దరఖాస్తు పెట్టండి, దానికి రూపాయి కట్టక్కర్లేదు. ఎంపికైతే నెలనెలా జీవన భత్యం, ప్రయాణం, ఆరోగ్య బీమా వాళ్లే చూసుకుంటారు. అంతర్జాతీయ స్పెషలిస్టు కేటగిరీకి 27 ఏళ్ల వయసు, మూడేళ్ల అనుభవం అడుగుతారు, మీకు రెండూ ఉన్నాయి. పిలుపు రావడానికి టైమ్ పట్టొచ్చు, టెన్షన్ పడకండి, అన్నాళ్లూ జీతం వస్తూనే ఉంటుంది కదా. రాజీనామా చేసేముందు జీతం లేని సెలవు ఇస్తారేమో కంపెనీని ఒక్కసారి అడగండి.

చీటీని తొందరపడి నష్టానికి పాడుకోకండి. ఇక్కడి హెల్త్ పాలసీ ప్రీమియం ఆపకండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి, ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి వస్తే క్వారంటైన్‌లో పెడతారు.

బయల్దేరేముందు ఆ 2,11,500 వేరే ఖాతాలో వేసి, కిస్తీ, చీటీ వాటంతటవే కట్ అయ్యేలా పెట్టి, పాస్‌బుక్ అమ్మకిచ్చి వెళ్లండి.