విమానం నేర్చుకోవాలని ఉంది... కుండీలు, కుంచెలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 41. నేనూ మా వారూ ఉద్యోగులమే. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఇంకో నాలుగేళ్లలో కాలేజీకి వెళ్తుంది. ఇంటి అప్పు తొమ్మిదేళ్లు మిగిలి ఉంది. పొద్దున్నే కుండీల్లో మొక్కలు చూసుకోవడం, ఆదివారం రంగులతో బొమ్మలు వేసుకోవడం, నెలకు ఒకటో రెండో పుస్తకాలు కొనుక్కోవడం, ఇవీ నా సరదాలు. కిందటేడు నా పుట్టినరోజుకి మా వారు చిన్న విమానంలో అరగంట తిప్పించారు. పైలట్ రెండు నిమిషాలు కంట్రోల్స్ నా చేతికిచ్చారు. అప్పట్నుంచీ అదే ధ్యాస. శిక్షణ సంస్థలో కనుక్కుంటే 40 గంటలకు ఫీజు చెప్పారు. మొత్తం ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తారట. పిల్లల చదువుకని దాచినదాంట్లోంచి తీసి కట్టేసి, నా మిగతా సరదాలన్నీ మానేసి ఆ లోటు పూడ్చుకుందామని ఆలోచన. వాటి ఖర్చంతా కలిపితే ఏడాదికి మూడు గంటల విమానం ఖర్చంత అవుతోంది. ఈ వయసులో ఇది నా స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. రెండు జీతాల ఇంట్లో ఒక మనిషికి ఒక కోరిక ఉండటం స్వార్థమైతే డబ్బు సంపాదించడం ఇంకెందుకు? మీ కోరికకు నేను అడ్డు చెప్పను. అడ్డు చెబుతున్నది మీరు దానికి వేసిన దారికి. ఆ దారిలో వెళ్తే విమానమూ దక్కదు, మొక్కలూ మిగలవు.

మీరే ఒక మంచి కొలత ఇచ్చారు, విమానం గంట. దాన్నే పట్టుకుందాం. మీ సరదాలన్నీ మానేస్తే ఏడాదికి మిగిలేది మూడు గంటలు. ఆ 10 శాతం తగ్గింపును పక్కనపెడితే, పిల్లల డబ్బులోంచి 40 గంటలు తీస్తే ఆ గుంట పూడటానికి పదమూడేళ్లు దాటుతుంది. అమ్మాయి కాలేజీ నాలుగేళ్లలో ఉంది. అప్పటికి పూడేది 12 గంటలు. మిగతా 28 గంటలకు అప్పు చేస్తారు. కాబట్టి పిల్లల చదువు డబ్బు జోలికి వెళ్లొద్దు. ఈ విషయంలో మారుమాట లేదు.

ఇక ఆ కుండీలు, కుంచెలు, పుస్తకాలు. ఏడాదిలో 365 పొద్దుటి పూటలు, 52 ఆదివారాలు మీకు మూడు గంటల ఖర్చుతో దొరుకుతున్నాయి. ఇంత తక్కువలో ఇంత ఇచ్చే పద్దు మీ ఇంటి లెక్కల్లో ఇంకోటి ఉండదు. ఖర్చు తగ్గించాలనుకోగానే చాలామంది మొదట కోసేది ఇలాంటి వాటినే. చిన్నవి కాబట్టి తేలిగ్గా తెగుతాయి. కానీ తెగాక మిగిలేదీ చిన్నదే. పైగా విమానం నేర్చుకునేటప్పుడు వాన, గాలి, పొగమంచు, విమానం రిపేరు అంటూ వారాలకు వారాలు ఎదురుచూపులు ఉంటాయి. ఆ ఆదివారాల్లో మీకు రంగులే దిక్కు. వాటిని ముట్టుకోకండి.

ఇప్పుడు 40 గంటల సంగతి. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, పెట్టిన కనీస హద్దు అది. ఆమోదం పొందిన కోర్సులో అయితే 35 గంటలు. చాలా దేశాల నిబంధనలు దీని చుట్టూనే ఉంటాయి. అందులో 10 గంటలు ఒంటరిగా ఎగరాలి. ఆ పదిలో ఐదు గంటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే ప్రయాణాలు కావాలి. వాటిలో ఒకటి కనీసం 270 కిలోమీటర్లు ఉండి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి రావాలి. కనీసం అన్నది లైసెన్సుకు అర్హత, నేర్చుకోవడానికి పట్టే కాలం కాదు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు 40లో అయిపోవడం అరుదు. మీరు 60 గంటలు వేసుకోండి. ముందే అయిపోతే మిగిలినవి హాయిగా ఎగరడానికి వాడుకోవచ్చు.

గంట అంటే ఏమిటో కూడా తెలుసుకోండి. విమానం డ్యాష్‌బోర్డు మీద హాబ్స్ మీటర్ అని చిన్న అంకెల డబ్బా ఉంటుంది. గంటను పది భాగాలు చేసి లెక్కిస్తుంది. ఒక్కో అంకె తిరగడానికి ఆరు నిమిషాలు. సాధారణంగా ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. మీరు నేల మీద మెల్లగా రన్‌వే వైపు వెళ్తున్నా, ముందున్న పెద్ద విమానం లేచేదాకా ఆగి ఉన్నా అది ఆగదు. పన్నెండు నిమిషాలు వరుసలో నిలబడితే రెండు అంకెలు, అంటే గంటలో ఐదో వంతు, నేల మీదే కరిగిపోయాయి. అందుకే ఫీజు కాస్త ఎక్కువైనా రద్దీ లేని చిన్న విమానాశ్రయంలో నేర్చుకోవడం ఒక్కోసారి చవక పడుతుంది. ఫీజు అడిగినప్పుడు అద్దె ఏ మీటర్ మీద వేస్తారు, ఇంధనం అందులో కలిసిందా, ఇన్‌స్ట్రక్టర్ రుసుము వేరా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. హెడ్‌సెట్, పుస్తకాలు, రాత పరీక్ష, చివర్లో ఎగ్జామినర్ రుసుము ఎలాగూ వేరేగా ఉంటాయి.

ఈ అద్దెలు ఎందుకింత అని మీకు అనిపించి ఉంటుంది. శిక్షణలో ఎక్కువగా కనిపించే సెస్నా 172నే తీసుకోండి. 1955లో మొదటిసారి ఎగిరింది, ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ఇంత పాతబడిన, ఇంత మామూలు విమానం కూడా గంటకు ముప్పై లీటర్లకు పైగా ఇంధనం తాగుతుంది. దాని ఇంజిన్‌ను సుమారు 2,000 గంటలకోసారి పూర్తిగా విప్పి బాగుచేయాలి. కాబట్టి మీరు కట్టే ప్రతి గంట అద్దెలో ఆ ఓవర్‌హాల్ కోసం ఒక వాటా పక్కకు పోతుంది. ఇంజిన్ పేరు మీద నడిచే రికరింగ్ డిపాజిట్ అనుకోండి. దీన్ని బట్టే ఇంకోటి చెబుతున్నా. ముందుముందు ఎవరైనా సెకండ్‌హ్యాండ్ విమానం చవగ్గా వస్తోందన్నా ఆశపడొద్దు. పార్కింగ్, బీమా, ఏటేటా తనిఖీ మీరు ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సిందే. నలుగురైదుగురు కలిసి ఒక విమానాన్ని పంచుకునే ఫ్లయింగ్ క్లబ్ అయితే ఆలోచించవచ్చు.

అసలు ఖర్చు ఇవేవీ కావు. లైసెన్సు వచ్చాక మొదలవుతుంది. చేయి తిరిగి ఉండాలంటే నెలకు రెండు గంటలైనా ఎగరాలి. పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు లేచి దిగి ఉండాలన్న నిబంధన చాలాచోట్ల ఉంది. నెలకు రెండు గంటలంటే ఏడాదికి 24. రెండున్నరేళ్లలో మళ్లీ 60 గంటలు. అంటే నేర్చుకోవడానికి ఎంత పెట్టారో అంతా రెండున్నరేళ్లకోసారి మళ్లీ పెడుతూ ఉండాలి. శిక్షణ సంస్థల్లో ఇది ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. కష్టపడి లైసెన్సు తెచ్చుకుని, రెండేళ్లకు దాన్ని బీరువాలో పెట్టేసే వాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

అందుకని నా లెక్క ఇది. వచ్చే నెల నుంచి, పిల్లల చదువు పొదుపు, ఈఎంఐ, ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి, ఇవేవీ కదలకుండా, నెలకు రెండు గంటల విమానం ఖర్చు వేరే ఖాతాలో వేయండి. ముప్పై నెలల్లో 60 గంటలు చేరతాయి. ఆ ముప్పై నెలలూ ఇల్లు ఇబ్బంది పడకుండా నడిచిందంటే, లైసెన్సు వచ్చాక నెలకు రెండు గంటలు ఎగిరే శక్తి మీ ఇంటికి ఉన్నట్టే, ఎందుకంటే మొత్తం అదే. ఎనిమిదో నెలలోనే ఉక్కిరిబిక్కిరి అయితే ఆ సంగతి ఒక్క గంటా ఖర్చు పెట్టకముందే తెలిసిపోతుంది, డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఈ సొమ్మును షేర్లలో పెట్టొద్దు. రెండు మూడేళ్లలో వాడుకునేది కాబట్టి బ్యాంకు డిపాజిట్ చాలు. ఇంధనం ధరతో పాటు గంట అద్దె కూడా మారుతుంటుంది, ఆరు నెలలకోసారి కనుక్కుని వేసే మొత్తం సవరించుకోండి.

ఇంతకాలం ఆగాలా అని బాధ కలుగుతుందని తెలుసు. కానీ డబ్బు వచ్చినప్పుడల్లా నెలకో గంట చొప్పున నేర్చుకుంటే ప్రతిసారీ పావుగంట కిందటిది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది, 60 గంటలు 80 అవుతాయి. మొత్తం చేరాక సెలవులు కలుపుకుని వారానికి రెండు మూడుసార్లు ఎగిరితే నేర్చుకున్నది చేతుల్లో నిలుస్తుంది. ఈలోగా వాతావరణం, మ్యాపులు, విమాన నిబంధనల పుస్తకాలు చదవండి. మీరెలాగూ నెలకో పుస్తకం కొంటారు. పుట్టినరోజుకు మాత్రం ఏటా ఆ అరగంట ఎగరండి. దాన్ని ఖర్చుగా రాసుకోకండి.

అంతకాలం ఆగడం కష్టమనుకుంటే గ్లైడర్లు, అంటే ఇంజిన్ లేని విమానాలు, ఎగరేసే క్లబ్ అందుబాటులో ఉందేమో చూడండి. గ్లైడర్‌కు ఇంజిన్ అద్దె ఉండదు. ఐకావో కనీస హద్దు కూడా ఆరు గంటలే.

ఆ 10 శాతం తగ్గింపు సంగతి. నేను ఒకసారి ఏడాది గిటార్ ఫీజు మొత్తం ముందే కట్టాను. నాలుగో నెలలో వెళ్తే తలుపుకు తాళం, గోడ మీద గిటార్లు వేలాడిన మేకులు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. తిరిగి పైసా రాలేదు. విమాన శిక్షణ సంస్థలు మూతపడి, ముందుగా కట్టిన పెద్ద మొత్తాలు పోగొట్టుకున్న విద్యార్థులు చాలా దేశాల్లో ఉన్నారు. 10 శాతం మిగుల్చుకోవడానికి 100 శాతం వాళ్ల చేతిలో పెట్టొద్దు. ఐదేసి గంటలకు కడుతూ వెళ్లండి. ఇన్‌స్ట్రక్టర్ నచ్చకపోతే మారే వీలు కూడా మీ చేతిలో ఉంటుంది.

అప్పు చేసి నేర్చుకుని, తర్వాత దానితోనే సంపాదిస్తానన్న ఆలోచన కూడా రానివ్వకండి. ప్రైవేట్ లైసెన్సు మీద జీతానికి విమానం నడపకూడదు. దానికి కమర్షియల్ లైసెన్సు కావాలి. దాని హద్దు 200 గంటలు, ఆమోదిత కోర్సులో 150. ఇది మీ ఇష్టం కోసం చేస్తున్న ఖర్చు, అలాగే రాసుకోండి.

డబ్బు జమ చేయడం మొదలుపెట్టకముందే రెండు పనులు చేయండి. మొదటిది వైద్య పరీక్ష. ప్రైవేట్ పైలట్‌కు క్లాస్ 2 మెడికల్ కావాలి. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె, రక్తపోటు చూస్తారు. ఐకావో లెక్క ప్రకారం 40 లోపు వాళ్లకు ఐదేళ్లు చెల్లుతుంది, మీకు 41 కాబట్టి రెండేళ్లే. ఎగరడానికి ఏళ్ల ముందే ఎందుకు అంటారేమో. ముప్పై నెలలు దాచాక రంగుల పరీక్షలో ఆగిపోవడం కంటే ఒక ఫీజు అదనంగా పోవడమే మేలు.

రెండోది మీ టర్మ్ పాలసీ, అంటే మీ జీవిత బీమా. ఆ కాగితాల్లో 'మినహాయింపులు' అన్న పేజీ మీరూ మీ వారూ కలిసి చదవండి. టికెట్ కొని ప్రయాణించే విమానాలు తప్ప వేరే ఎగురుడు దేనికీ క్లెయిమ్ ఇవ్వమని చాలా పాలసీల్లో, ముఖ్యంగా ప్రమాద బీమాల్లో ఉంటుంది. మీ దాంట్లో అలా ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, అదనపు ప్రీమియంతో ఆ రక్షణ కలుపుతారేమో అడగండి. ఇంటి అప్పు తొమ్మిదేళ్లు ఉన్న ఇంట్లో మీ పేరు మీది పాలసీ ఒక్కరోజు కూడా అనుమానంలో ఉండకూడదు. ఆ అదనపు ప్రీమియం ఎంతో తెలిశాక దాన్నీ గంటల్లోకి మార్చి నెలవారీ లెక్కలో కలపండి.

మెడికల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక, మీ దగ్గర గంట అద్దె ఎంతో, నెలకు ఇద్దరి జీతాల్లో ఎంత మిగులుతోందో రాసి పంపండి. రెండు గంటలు కుదరకపోతే ఒకటిన్నర గంటతో నలభై నెలల లెక్క వేసి ఇస్తాను.